అంచు మీద పేరు

అరుణకుమారికి కోపం రావడానికి కారణం అక్కర్లేదని భవానీపూర్‌లో ఆ సందు సందంతా అంటుంది. అబద్ధం. ఆమెకు కోపం ఊరికే రాదు. వచ్చాక ఊరికే పోదు, అంతే. మంగళవారం పొద్దున వచ్చిన కోపం ఆదివారం మధ్యాహ్నం దాకా ఆమె నెత్తి మీదే కూర్చుంది. అది అన్యాయమైన కోపమా కాదా, విని మీరే చెప్పండి.

ఆమెది పతకాలు కుట్టే కొట్టు. సైన్యంలోనో, వైమానిక దళంలోనో పనిచేసినవాళ్లకు సర్కారు పతకాలిస్తుంది గానీ, వాటిని కోటు మీద వరసగా, ఊగకుండా, ఒకదానికొకటి తగిలి మోగకుండా నిలబెట్టి ఇవ్వదు. ఆ పని కుట్టేవాళ్లది. గట్టి అట్టకు ఉన్నిగుడ్డ తొడిగి, దాని మీద ఒక్కో పతకాన్నీ దాని రంగుపట్టీతో సహా బిగించి, వెనక పిన్ను పెట్టి ఇవ్వాలి. పెద్ద పతకం రొమ్ము నడిమికి దగ్గరగా రావాలి, చిన్నవి భుజం వైపుకు జరుగుతూ పోవాలి. ఏ పట్టీ పక్కన ఏ పట్టీ రావాలో అరుణకుమారిని నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. లేపినందుకు నాలుగు తిట్టి మరీ చెబుతుంది.

ఈ విద్య ఆమెకు తండ్రి సింహాచలం నుంచి వచ్చింది. శ్రీకాకుళం పక్క పల్లె నుంచి రేవులో బస్తాలు మొయ్యడానికి కలకత్తా వచ్చిన మనిషి, క్రేను కొక్కెం తగిలి కాలు పాడైపోతే, సైన్యం ఉండే కోట దగ్గర ఒక ముసలి దర్జీ పక్కన కూర్చుని ఈ పని పట్టుకున్నాడు. ఇంగ్లీషు అక్షరాలు కూడా ఆ దర్జీ దగ్గరే కూడబలుక్కున్నాడు. ఎందుకంటే పతకం అంచు మీద సన్నటి అక్షరాలతో దాని సొంతదారు పేరు చెక్కి ఉంటుంది. "అంచు సదవకుండా సూది ఎత్తకే" అనేవాడు కూతురితో. వేరే ఆస్తి ఏమీ ఇవ్వలేదు గానీ ఆ మాట మాత్రం రోజుకు నాలుగుసార్లు ఇచ్చాడు.

మంగళవారం పొద్దున లక్ష్మీకాంతం గారు వచ్చారు. బ్యాంకు మేనేజరుగా రిటైరై, హుగ్లీతీర తెలుగు సమాజానికి కార్యదర్శి అయి, అప్పటికంటే ఇప్పుడే ఎక్కువ హడావుడి పడుతున్న గుంటూరు పెద్దమనిషి. చంకలో మఖమల్ పెట్టె ఉంది.

"అరుణకుమారీ, చేతులు కడుక్కుని ముట్టుకో. ఎవరివనుకున్నావు? ఎయిర్ మార్షల్ భాస్కరరావు గారివి!"

"నా సేతులు కడిగే ఉంటాయి. కూకోండి."

ఆయన కూర్చోలేదు. సంతోషం ఎక్కువైనవాళ్లు కూర్చోలేరు. "రాష్ట్రపతి చేతుల మీదుగా పరమ విశిష్ట సేవా పతకం తీసుకున్నారు. శాంతికాలపు సేవకు ఇచ్చేవాటిలో దాని పైన మరోటి లేదట! కిందటి నెల రిటైరై, కూతురి దగ్గర ఉందామని న్యూటౌన్ వచ్చారు. మనం వదులుతామా? ఆదివారం పదకొండింటికి మన హాల్లో సన్మానం. కొత్త పతకాన్ని కూడా చేర్చి మొత్తం మళ్లీ కుట్టివ్వాలి. పతకాలన్నీ పెట్టుకునే రమ్మన్నాను. మన పిల్లలు చూడాలి కదా."

ఆయన వెళ్లాక ఆమె పెట్టె తెరిచింది. పాత అట్ట ఢిల్లీ పనితనం, కుట్టు బాగానే ఉంది. బాగుందని ఒప్పుకోవడం ఇష్టం లేక "ఆఁ, పరవాలేదు" అనుకుంది. టీ తెప్పించుకుని, మట్టిపిడత పక్కన పెట్టుకుని, దారాలు తెంపి ఒక్కో పతకాన్నీ విప్పి, భూతద్దం కింద అంచు తిప్పి చదవడం మొదలుపెట్టింది. మొదటిది భాస్కరరావు. రెండోది భాస్కరరావు. మూడోది వెండి పతకం, వైమానిక దళంలో సాహసానికి ఇచ్చేది. దాని అంచు మీద భాస్కరరావు లేడు.

సార్జంట్ పి. గవరయ్య, అని ఉంది.

రెండోసారి చదివింది. అద్దం తుడిచి మూడోసారి చదివింది. అరికాలి మంట నెత్తికెక్కింది.

గవరయ్య ఆమెకు కొత్తవాడు కాడు. ఏక్‌బాల్‌పూర్‌లో వాళ్ల పాత ఇంటి ఎదురింటివాడు, నారాయణమ్మ కొడుకు. రేవు కూలీల పిల్లల్లో వైమానిక దళంలో చేరిన మొదటివాడు. పదిహేడేళ్ల కిందట సుందర్‌బన్స్‌లో వరదలొచ్చినప్పుడు, ఒక బడి కప్పు మీద చిక్కుకున్నవాళ్లను హెలికాప్టర్ నుంచి తీగ మీద దిగి ఒక్కొక్కరినే పైకి పంపాడు. అయిదుగురు వచ్చారు. ఆరో మనిషి కోసం దిగినప్పుడు తీగ తాడిచెట్టుకు చుట్టుకుంది. లాగితే హెలికాప్టరే కూలుతుంది. అతను నడుముకున్న పట్టీ తనే విప్పుకున్నాడు. నీళ్లలోంచి మూడోనాడు దొరికాడు. హెలికాప్టర్ నడిపిన వింగ్ కమాండర్ గాలిలో, వానలో, మిగిలినవాళ్లను క్షేమంగా దించాడు. ఇద్దరికీ చెరొకటి, ఒకే రకం పతకం ఇచ్చారు. ఆ వింగ్ కమాండరే ఈ భాస్కరరావు.

"సచ్చినోడి పతకం కూడా కాజేసినాడా!" అని పైకే అనేసింది అరుణకుమారి. సొమ్మొకడిది, సోకొకడిది అంటారే, అది ఇదే అనుకుంది. రోడ్డు మీద పోతున్న చేపలావిడ ఆగి చూసింది.

తిట్టడానికి ఇంకా చాలా మాటలు నోటిదాకా వచ్చాయి. అక్కడే ఆగిపోయాయి. ఎందుకంటే ఆ రెండు పతకాలూ ఒకే బల్ల మీద పక్కపక్కన ఉన్నది ఈ లోకంలో ఒక్కసారే. ఆ బల్ల ఇదే.

పతకాలిచ్చిన కొత్తలో వింగ్ కమాండర్ భాస్కరరావు స్వయంగా ఈ కొట్టుకు వచ్చాడు. తన పెట్టె ఒకటి, నారాయణమ్మ పెట్టె ఒకటి తెచ్చాడు. "ఆ తల్లి సభలకు పెట్టుకునేలా చేసివ్వండమ్మా" అని ఎంతో మర్యాదగా అడిగాడు. ఆ వారం సింహాచలం ఆసుపత్రిలో ఊపిరి కోసం కొట్టుకుంటున్నాడు. అరుణకుమారి ఒక కాలు ఆసుపత్రిలో, ఒక కాలు కొట్టులో. రెండు పతకాలూ పెట్టెల్లోంచి తీసి, మెరుగుపెట్టి, బల్ల మీద పెట్టింది. ఆసుపత్రి నుంచి ఫోనొస్తే లేచింది. వచ్చి కుట్టింది. అంచు చదివిన గుర్తు లేదు. అంచు చదవకుండా సూది ఎత్తొద్దన్న మనిషి పోతున్న వారంలోనే, ఆయన కూతురు అంచు చదవకుండా సూది ఎత్తింది.

దొంగ కోసం వీధి వీధంతా వెతికి వచ్చాక, సొమ్ము సొంత కొంగులోనే దొరికినట్టయింది. కోపం ఎక్కడికీ పోలేదు. ఇల్లు మారింది, అంతే. ఇప్పుడది తన మీదకే వచ్చింది.

అయినా ఒక ప్రశ్న మిగిలిపోయింది. పదహారేళ్లు. ఈ మనిషి ఒక్కసారి కూడా తన పతకం అంచు చూసుకోలేదా?

*

బుధవారం కొట్టు మూసి ఏక్‌బాల్‌పూర్ వెళ్లింది. బస్సు దిగి నడుస్తూ ఉపాయం పన్నుకుంది. మెరుగు పెడతానని చెప్పి ముసలమ్మ దగ్గరున్న పతకం తీసుకొస్తే సరి. దీని చోట అది, దాని చోట ఇది. ఎవరికీ తెలియదు, కొట్టు పరువూ పోదు. దొంగ ఉపాయమే. కానీ దాని వల్ల నారాయణమ్మకు కొడుకు పేరు చేరుతుంది కదా అని సర్దిచెప్పుకుంది.

"రాయే అరుణా! ఏటిలగొచ్చినావు? ఓలమ్మ, మొకమేటి అలగున్నాది, జొరమేటి?" అంటూ నారాయణమ్మ పీట వాల్చింది. డెబ్బై నాలుగేళ్ల మనిషి. యాభై ఏళ్లకు పైగా ఈ ఊళ్లో ఉన్నా ఆమె కుడిపైట కుడిపైటే, ఆమె మాట శ్రీకాకుళం మాటే. గిన్నెడు మురీ మరమరాల్లో ఆవనూనె, పచ్చిమిర్చి కలిపి చేతికిచ్చింది.

గోడ మీద నీలం యూనిఫారంలో గవరయ్య ఫోటో. ఫోటో కింద చిన్న చెక్క పలక మీద పతకం. దానికి కుంకం బొట్టు, చుట్టూ బంతిపూల దండ, ముందు దీపం. సైన్యంలో ఒక ఆచారం ఉంది. పోయినవాళ్ల పతకాన్ని ఇంటివాళ్లు పెట్టుకుంటే ఎడమవైపు కాదు, కుడివైపు పెట్టుకోవాలి. నారాయణమ్మకు కుడివైపు పైట ఉంటుంది. అందుకని పైట మీద నిలిచేలా చిన్న గుడ్డముక్కకు కుట్టి, వెనక రెండు పిన్నులు పెట్టి ఇచ్చింది అరుణకుమారి. అప్పట్లో ఆ పనికి తనను తనే మెచ్చుకుంది.

"పిన్నీ, అది ఓపాలి ఇయ్యి. మెరుగెట్టి ఇత్తాను."

"ఆదోరం ఎట్టుకోవాల గదే! ఆ సారు వత్తన్నాడంట, నన్నూ కూకోబెడతారంట." ముసలమ్మ పతకం తీసి ఒళ్లో పెట్టుకుంది. చూపుడువేలు అంచు మీద ఆనించి మెల్లగా జరిపింది. "మెరుగొద్దే. అచ్చరాలరిగిపోతాయి. నాకు సదువు నేదు గాని నా ఏలికి వొచ్చింది. రోజూ దీపమెట్టి ఇలగ ఓపాలి సదువుకుంతాను. ఇదిగో, ఇక్కడ మొదలు. ఇక్కడ గుండ్రంగున్నాది సూడు. ఇదంతా మావోడి పేరే. ఢిల్లీలో పతకమిచ్చిన దొరబాబు సెప్పినాడు, అమ్మా, అంచు మీద నీ కొడుకు పేరుంది అని."

అరుణకుమారి నోట్లో మురీ ఇసుకలా తగిలింది. ఆ వేలు పదహారేళ్లుగా భాస్కరరావు పేరు చదువుతోంది. ఇప్పుడు రహస్యంగా మార్చేస్తే ఆ వేలికి తెలిసిపోతుంది. మార్చకపోతే ఆమె పోయేదాకా ఆ వేలు అబద్ధమే చదువుతుంది. చెప్పెయ్యాలి. పిన్నీ, నాను పెద్ద తప్పు సేసినాను అని అయిదు మాటలు. ఊళ్లో అందరి మీదా అరిచే నోరు ఆ అయిదు మాటలకు పెగల్లేదు. గిన్నె ఖాళీ చేసి, వస్తానని చెప్పి, బయటికొచ్చి, సందు మొగలో నిలబడి, తనను తను తిట్టుకోగలిగినంత తిట్టుకుంది. పిరికిదానా అని మొదలుపెట్టింది. మిగతావి రాయడానికి బాగుండవు.

*

ఇంటికొచ్చి లక్ష్మీకాంతం గారికి ఫోన్ చేసి సంగతంతా చెప్పింది. తన తప్పును కూడా చెప్పింది. గురువారం ఆయన కొట్టుకే వచ్చారు, చెమటలు తుడుచుకుంటూ.

"సార్‌తో మాట్లాడాను. ఎలా ఉన్నవి అలాగే కుట్టమన్నారు. ఆ విషయం నేను చూసుకుంటాను అన్నారు."

"సూసుకోడమంటే ఏటి?"

"నాకేం తెలుసమ్మా? పెద్దమనిషి. ఆవిడను స్టేజి మీదకు పిలిచి తనే ఇస్తారేమో. అలా చేస్తే ఎంత బాగుంటుందో ఆలోచించు! నువ్వు మాత్రం ముందే వెళ్లి ఆవిడ చెవిలో ఏదీ ఊదకు. రచ్చయితే పోయేది ఆయన పరువు కాదు, నీ కొట్టు పేరు."

"నా కొట్టు పేరు పదారేళ్ల కిందటే పోనాది. నాకిప్పుడు తెలిసినాది, అంతే."

కానీ ఆయన మాట ఆమె మనసులో దిగింది. నిజంగానే ఇస్తాడేమో. ఆ రోజు పెట్టె తెచ్చిన మర్యాద గుర్తొచ్చింది. అలా జరిగితే తను చెప్పలేని అయిదు మాటలు ఆయనే చెప్పేస్తాడు. ఇందులో పిరికితనం కూడా ఉందని ఆమెకు తెలుసు. తెలిసే ఒప్పుకుంది.

శుక్ర, శని రెండురోజులు కూర్చుని పద్నాలుగు పతకాలు కుట్టింది. కొత్త పతకం అన్నిటికంటే ముందు, రొమ్ము నడిమికి. పదమూడింటికి నాలుగు పేటల దారం, వెనక మూడు ముడులు, గుర్రం కట్టి లాగినా ఊడవు. గవరయ్య పతకానికి మాత్రం కచ్చా కుట్టు వేసింది. దర్జీలు కొలత చూడటానికి వేసి తర్వాత పీకేసే కుట్టు అది. పైకి ఏ తేడా కనబడదు. ఒక కొస పట్టుకుని లాగితే మొత్తం వచ్చేస్తుంది. ఆయన ఇవ్వదలుచుకుంటే తేలిగ్గా ఇవ్వాలి కదా అని వేసింది. ఇవ్వదలుచుకోకపోతే, అనే ఆలోచన కూడా ఆ కుట్టులో ఒక పోగు ఉంది.

*

ఆదివారం హాలు నిండిపోయింది. ముందు వరసల్లో డాక్టర్లు, ఆఫీసర్లు, వాళ్ల పట్టుచీరలు. మధ్యలో సాల్ట్‌లేక్ కంప్యూటర్ ఆఫీసుల పిల్లలు, చేతుల్లో ఫోన్లు. వెనక, గోడను ఆనుకుని, టికియాపారా రైల్వేవాళ్లు, ఏక్‌బాల్‌పూర్ రేవువాళ్లు. ఎవరూ చెప్పకపోయినా ఎవరి చోటు వాళ్లకు తెలుసు. నారాయణమ్మను మాత్రం మొదటి వరసలో చివరి కుర్చీలో కూర్చోబెట్టారు. జరీ అంచు నేతచీర, కుడిపైట మీద పతకం. అరుణకుమారి ఆమె వెనకే నిలబడింది. కుర్చీ ఉంది, కూర్చోబుద్ధి కాలేదు.

భాస్కరరావు గారు వచ్చారు. నెరిసిన జుట్టు, నిటారు మనిషి, నల్లటి బంద్‌గలా కోటు, దాని మీద పద్నాలుగు పతకాలు. ముందుగా నారాయణమ్మ దగ్గరికే వచ్చి వంగి కాళ్లకు దండం పెట్టారు. హాలు చప్పట్లు కొట్టింది. అరుణకుమారికి ప్రాణం లేచొచ్చింది. ఇచ్చేస్తాడు, ఈయన ఇచ్చేస్తాడు అనుకుంది.

దండలు, శాలువాలు, సమాజం అధ్యక్షుడి కవిత అయ్యాయి. తర్వాత ఆయన మైకు ముందుకొచ్చారు. మంచి గొంతు. వరద గురించి చెప్పారు. తీగ, తాడిచెట్టు, గవరయ్య చివరిసారి పైకి చూసి చెయ్యి ఊపడం చెప్పారు. ఏడవనివాళ్లు లేరు. అరుణకుమారి కూడా ఏడ్చింది.

"ఇప్పుడు మీకొక రహస్యం చెబుతాను. నా భార్యకు తప్ప ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు." ఆయన ఆ వెండి పతకం మీద వేళ్లు ఆనించారు. "దీని అంచు మీద ఉన్నది నా పేరు కాదు. నా సార్జంట్ గవరయ్య పేరు. ఎక్కడో పొరపాటున మా ఇద్దరి పతకాలూ తారుమారయ్యాయి. మొదటి ఏడాదే గమనించాను. మార్చుకోవచ్చు. కానీ నేను మార్చుకోలేదు. ఎందుకు? నా గవరయ్య నా గుండె మీద ఉండాలి కనుక! ప్రతి కవాతుకూ, ప్రతి పదవికీ అతను నాతోనే వచ్చాడు. రాష్ట్రపతి భవన్‌కు కూడా వచ్చాడు. ఇవాళ కూడా ఇక్కడే ఉన్నాడు. నేను పోయేదాకా ఇక్కడే ఉంటాడు."

హాలు లేచి నిలబడింది. చప్పట్లకు కిటికీ అద్దాలు అదిరాయి. ముందు వరస డాక్టరు గారి భార్య వెక్కి వెక్కి ఏడుస్తోంది. లక్ష్మీకాంతం గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నారు. తెలుసు. మొదటి ఏడాది నుంచీ తెలుసు. అరుణకుమారికి ఒళ్లంతా మండింది. తను చేసింది పొరపాటు. ఈయన చేసింది ఏమిటి?

నారాయణమ్మ చప్పట్లు కొట్టలేదు. ఆమె వేలు పైట మీది పతకం అంచుకు వెళ్లింది. అలవాటు చొప్పున మొదలుపెట్టి, వేడి పెనం తాకినట్టు వెనక్కి వచ్చింది. మెల్లగా కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. మెట్ల వైపు నడిచింది.

"అమ్మగారు స్వయంగా ఆశీర్వదించడానికి వస్తున్నారు!" అని లక్ష్మీకాంతం గారు మైకులో ప్రకటించారు. చప్పట్లు రెట్టింపయ్యాయి. అరుణకుమారి ముసలమ్మ మోచెయ్యి పట్టుకుని తనూ ఎక్కింది.

నారాయణమ్మ ఆయన ముందు నిలబడింది. ఆయన ఛాతీ దగ్గరికి వస్తుంది ఆమె తల.

"బాబూ, నా కాడున్నది నా కొడుకుది కాదేటి?"

మైకు దగ్గరే ఉంది. ఆ మాట హాలంతా వినబడింది. చప్పట్లు అక్కడక్కడా తెగి ఆగిపోయాయి.

ఆయన వంగి, మృదువుగా అన్నారు. "రెండూ ఒకటేనమ్మా. అదే వెండి, అదే గౌరవం."

"ఒకటే అయితే నీది నువ్వే ఎట్టుకోవల్సింది."

ఇక అరుణకుమారి నోరు ఆగలేదు. మైకు తన వైపు లాక్కుంది. "తప్పు నాది పిన్నీ. పదారేళ్ల కిందట నా సేత్తోనే మార్చీసినాను. అంచు సదవకుండా సూది ఎత్తొద్దని మా అయ్య సెప్పినాడు. నాను సదవనేదు. మొన్న బుధవారం మీ యింటికి సెప్పడానికే వొచ్చి, సెప్పనేక మురీ తినీసి ఎల్లిపోనాను. తెలవక సేసింది నాను. తెలిసి ఉంచుకున్నది ఈయన."

నారాయణమ్మ ఆమె వైపు ఒక్క చూపు చూసింది. "నీ సంగతి తరవాత సూత్తాను." మళ్లీ ఆయన వైపు తిరిగింది. "ఎప్పుడు తెలిసినాదన్నావు?"

"మొదటి ఏడాదేనమ్మా. కానీ నా ఉద్దేశం..."

"మొదటి యేడే. అప్పటినుంచి దసరాకి దసరాకి నాకు సీరంపినావు. ఉత్తరం రాసినావు, పక్కింటి గుంట సదివి ఇనిపించేది. అన్నీ రాసినావు, ఇదొక్కటీ రాయనేదు." ఆమె గొంతు పెంచలేదు. పెంచకపోవడమే భయంగా ఉంది. "నీ గుండి మీద మావోడుండాలని నువ్వనుకున్నావు. మంచిదే. మరి నా ఇంట ఎవుడుండాల? పదారేళ్లు నాను ఎవుడి పేరుకి దీపమెట్టినాను? బతికున్నోడి పేరుకి బొట్టెట్టి దండేయించినావు నా సేత. నీ పెల్లాం పిల్లలకి కీడు గాదా? నాకు పాపం గాదా? అడగాలనిపించనేదా నీకు, అమ్మా, నీ కొడుకు పేరు నా కాడుంచుకుంతాను, నీకిట్టమేనా అని?"

ఆయన చెయ్యి ఆ పతకం మీదికి వెళ్లింది.

"మైకు కట్టెయ్యండి, మైకు!" అని లక్ష్మీకాంతం గారు పక్కనున్నవాళ్ల మీద అరుస్తున్నారు. అది కూడా మైకులోనే వినబడింది. ఎవరూ కట్టలేదు.

"ఇటియ్యి," అంది నారాయణమ్మ, చెయ్యి చాపి.

"ఇస్తానమ్మా. తప్పకుండా ఇస్తాను. లోపలికెళ్లాక విప్పించి... ఇది కుట్టేశారు, ఇప్పుడు రాదు..."

"వత్తాది," అంది అరుణకుమారి. "కచ్చా కుట్టే ఏసినాను. ఆ కింది కొస పట్టుకుని లాగు పిన్నీ."

ముసలమ్మ వేళ్లు ఆయన కోటు మీదికి వెళ్లాయి. కొస దొరికింది. ఒక్క లాగుకు దారం పొడుగ్గా ఊడి వచ్చింది. పతకం పట్టీతో సహా ఆమె అరచేతిలో పడింది. ఆయన ఛాతీ మీది వరసలో పన్నూడినట్టు ఖాళీ మిగిలింది. ఆయన ఆపలేదు. చేతులు రెండూ పక్కలకు పెట్టుకుని నిలబడ్డారు, అంతే.

"సదువు," అంది నారాయణమ్మ, పతకం అరుణకుమారి చేతికిచ్చి. "గట్టిగా సదువు. ఎనకోళ్లకి కూడా ఇనపడాల."

అరుణకుమారి దగ్గర భూతద్దం లేదు. కళ్లలో నీళ్లు. స్టేజి దీపం వైపు తిప్పి అంచు చదివింది. పదహారేళ్ల కిందట చదవవలసిన అంచు. "సార్జంట్. పి. గవరయ్య."

"మల్లీ."

"సార్జంట్ పి. గవరయ్య!"

వెనక గోడ దగ్గర రేవువాళ్లు తలగుడ్డలు తీశారు. నారాయణమ్మ పతకం వెనక్కి తీసుకుని వేలు అంచు మీద పెట్టింది. కొత్తగా అక్షరాలు దిద్దుకునేవాళ్లలా మెల్లగా, తడబడుతూ ఈ కొస నుంచి ఆ కొసకు జరిపింది. అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే దాన్ని చీరకొంగులో వేసి రెండు ముడులు బిగించి, ఆ ముడి బొడ్లో దోపుకుంది.

తర్వాత పైట మీది పిన్నులు తనే విప్పింది. పదహారేళ్లు కుంకం పెట్టిన ఆ పతకాన్ని ఆయన చేతికి ఇవ్వలేదు. అరుణకుమారి అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది.

"ఇది ఆ బాబుది. ఆడికి కుట్టియ్యి," అంది. "అంచు సదివి కుట్టు."